మా బల్ల మీద పట్టే గేమింగ్ కంప్యూటర్: ఈ జాబితాలో ఎక్కడ తగ్గించాలి?

కిటికీబల్ల:

నమస్కారం. ఏడాదిన్నరగా కొద్దికొద్దిగా కూడబెట్టిన డబ్బుతో మొదటిసారి సొంతంగా ఒక కంప్యూటర్ అమర్చుకోబోతున్నాను. ఇన్నాళ్లూ ఆరేళ్ల పాత ల్యాప్‌టాప్ మీదే ఆడాను. ఆట మొదలైన పది నిమిషాలకే దాని అడుగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

ముందు చోటు గురించి చెప్పాలి, నా ఇబ్బందంతా అక్కడే ఉంది. గదిలో ఉన్నది ఒకే బల్ల. దాని ఎడమ సగం మా అమ్మ కుట్టుమిషనుది. కుడి సగంలో 24 అంగుళాల మానిటర్ ఉంది. మానిటర్‌కూ కుడివైపు గోడకూ మధ్య మిగిలేది 25 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. బల్ల లోతు 60 సెంటీమీటర్లు. బల్ల నుంచి 42 సెంటీమీటర్ల ఎత్తులో పుస్తకాల అర ఉంది. నేల మీద పెట్టలేను. అక్కడ మిషను పెడలూ, గుడ్డపీలికలూ, దారపు పోగులూ ఉంటాయి. ఆ నూగంతా ఫ్యాన్లలోకి పోతుంది.

అంటే ఈ పెట్టె రోజంతా మా ఇద్దరి కళ్ల ముందే ఉంటుంది. అందుకే అది అందంగా ఉండాలని కోరుకుంటున్నాను. రంగులు మారే దీపాలు నాకు ఇష్టం లేదు. గదిలో మిగతా సామానుతో కలిసిపోయేలా ఉంటే చాలు.

ఆడేది 1080పీలో. ఎక్కువగా సుదీర్ఘమైన కథలున్న ఆటలు, అప్పుడప్పుడు ఫుట్‌బాల్. మానిటర్ 144 హెర్ట్జ్‌ది. చాలా వీడియోలు చూసి రాసుకున్న జాబితా ఇది: రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, మినీ ఐటీఎక్స్ అనే చిన్న కొలతలో బీ650 మదర్‌బోర్డు, 240 మి.మీ. రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, దీపాలున్న 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 850 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ (చిన్న కొలత) పవర్ సప్లై, రైజర్ కేబుల్‌తో (కార్డును బోర్డుకు కలిపే వైరు) వచ్చే 11 లీటర్ల కేబినెట్. దీపాలు వద్దంటూనే దీపాల ర్యామ్ ఎందుకంటే, ఆ వీడియోలన్నిటిలో అదే కనిపించింది, ఇంకేదైనా పెడితే సరిపోతుందో లేదో నాకు తెలియలేదు.

మొత్తం కూడితే నా దగ్గరున్నదానికన్నా ఐదో వంతు ఎక్కువైంది. ఇంకో ఆరు నెలలు ఆగి కూడబెట్టాలా, లేక ఏదైనా తగ్గించాలా? తగ్గిస్తే ఏది తగ్గించాలి? కార్డు తగ్గిస్తే ఆట పోతుంది, కేబినెట్ మారిస్తే చోటు చాలదు అని భయంగా ఉంది.

స్క్రూడ్రైవర్:

కిటికీబల్ల గారూ, కొలతలతో సహా రాశారు కాబట్టి సూటిగా చెప్పగలుగుతున్నాను. ఆరు నెలలు ఆగనక్కర్లేదు. కార్డు తగ్గించనక్కర్లేదు.

మీకు తక్కువైంది వెడల్పు ఒక్కటే. లోతు 60 సెంటీమీటర్లుంది, ఎత్తు 42 ఉంది. కానీ మీరు కేబినెట్‌ను లీటర్లు చూసి ఎంచుకున్నారు. లీటర్ల లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి ఒకే అంకె అయిపోతాయి. ఆ 11 లీటర్ల పెట్టె కోసం మీరు చెల్లించే అదనపు డబ్బులో చాలాభాగం, మీ బల్ల మీద ఎలాగూ ఖాళీగా ఉండే లోతును ఇంకా ఖాళీ చేయడానికే పోతోంది.

దీన్ని కొంచెం విడమరిచి చెబుతాను, మీ నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మి.మీ. చదరం. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మి.మీ. చదరం. బోర్డు కేబినెట్‌లో పక్క పలకకు సమాంతరంగా నిలబడి ఉంటుంది. కాబట్టి బోర్డు పెద్దదైతే పెట్టె లోతూ ఎత్తూ పెరుగుతాయి, వెడల్పు పెరగదు. వెడల్పును తేల్చేవి బోర్డు మీద నుంచి పక్కకు పొడుచుకొచ్చేవి: ప్రాసెసర్ కూలర్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు అడ్డం కొలత, దానికి గుచ్చే పవర్ వైరు వంపు. మీకున్న పాతిక సెంటీమీటర్లలో ఐటీఎక్స్ ఎంత సులువుగా పడుతుందో మైక్రో ఏటీఎక్స్ కూడా అంతే సులువుగా పడుతుంది.

ఇక ధర. ఒకే చిప్‌సెట్ (బీ650 లాంటిది) ఉన్న ఐటీఎక్స్ బోర్డుకు మైక్రో ఏటీఎక్స్ కన్నా బాగా ఎక్కువ అడుగుతారు. పైగా ర్యామ్‌కు రెండే స్లాట్లుంటాయి, అదనపు కార్డుకు చోటే ఉండదు. పవర్ సప్లైదీ అదే కథ. ఎస్‌ఎఫ్‌ఎక్స్ యూనిట్ 125 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు, 63.5 మి.మీ. మందం. మామూలు ఏటీఎక్స్ యూనిట్ 150 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. మందం, పొడవు సాధారణంగా 140. అంత చిన్నచోట అవే భాగాలు ఇరికించినందుకు ధర పెరుగుతుంది. బోర్డు, పవర్ సప్లై, కూలర్, ఈ మూడు చోట్ల మీరు చిన్నతనానికి కడుతున్న మొత్తం కలిపి చూడండి. మీ ఐదో వంతు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మీ బల్లకు సరిపోయే కేబినెట్ ఒకటి చెబుతాను: లియాన్ లీ, డాన్ కేసెస్ కలిసి చేసిన ఏ3 మైక్రో ఏటీఎక్స్. వెడల్పు 194 మి.మీ., లోతు 443, ఎత్తు 306.5. లీటర్లలో 26.3, మీరు అనుకున్నదానికి రెండింతల పైమాటే. అయినా బల్ల మీద పెట్టి చూస్తే వెనుక వైర్లు వంగడానికి 8 సెంటీమీటర్లు వదిలినా 53 లోపే ఆగుతుంది. పైన అరకు 11 సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది, వేడిగాలి పోవడానికి అది కావాలి కూడా. ఇందులో పవర్ సప్లై ముందువైపు, కార్డుకు ఎదురుగా కూర్చుంటుంది. కాబట్టి పొట్టి పవర్ సప్లై, రెండు ఫ్యాన్ల కార్డు తీసుకోండి, లోపల వైర్లు పెట్టుకునేందుకు చోటు మిగులుతుంది. 33 లీటర్ల ఆసుస్ ప్రైమ్ ఏపీ201 కూడా మంచిదే కానీ దాని లోతు 460, ఎత్తు 350, మీ అర కింద కాస్త ఇరుకవుతుంది.

ప్రాసెసర్ విషయం. 7700ఎక్స్ మంచి ప్రాసెసరే, కానీ దాని డబ్బాలో కూలర్ రాదు. 105 వాట్లని రాసి ఉన్నా పూర్తి భారం పడితే 142 వాట్ల దాకా లాగుతుంది. 95 డిగ్రీల వరకూ వెళ్లడానికి తయారైనదే, చిన్న పెట్టెలో అక్కడికి త్వరగానే చేరుతుంది. రైజెన్ 5 7600 ఆరు కోర్లది, 65 వాట్లది, ఎంత పని చెప్పినా 88 వాట్లు దాటదు, డబ్బాలోనే కూలర్ వస్తుంది. మీరు చెప్పిన తరగతి కార్డుతో ఆడేటప్పుడు ఎక్కువసార్లు కార్డే ముందు అలసిపోతుంది, ఈ రెండు ప్రాసెసర్ల తేడా మీ కంటికి కనబడటం అరుదు. ప్రాసెసర్ మార్చడంతో లిక్విడ్ కూలర్ అవసరం కూడా పోతుంది, జాబితాలో ఒకే దెబ్బకు రెండు ఖర్చులు తగ్గుతాయి. ఈ ప్రాసెసర్లు బోర్డులో కూర్చునే ఏఎం5 సాకెట్‌ను 2027 దాటి కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

850 వాట్లు ఎందుకు? ఆర్‌టీఎక్స్ 4060 కి 115, ప్రాసెసర్‌కు 88, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఒక 50 వేసుకోండి. 253. మంచి 550 వాట్ల పవర్ సప్లైకి ఇది సగం కన్నా తక్కువ భారం. నాణ్యత విషయంలో మాత్రం తగ్గకండి, వాట్ల విషయంలోనే తగ్గండి.

రైజర్ కేబుల్ గురించి నా అనుభవం చెప్పాలి. నా మొదటి కంప్యూటర్ పది లీటర్ల లోపు పెట్టెలో అమర్చాను. కార్డు బోర్డుకు వెనుకవైపు నిలబడి, రైజర్ కేబుల్‌తో కలుస్తుంది. అంతా బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. రాత్రి రెండింటి దాకా ర్యామ్ తీసి పెట్టాను, కార్డు తీసి పెట్టాను, కార్డే పాడైందని నమ్మేశాను. తెల్లవారాక తెలిసింది: కార్డూ బోర్డూ మాట్లాడుకునే దారి పేరు పీసీఐఈ, కార్డు దాని నాలుగో తరానిది, కేబుల్ మూడో తరానిది. బోర్డు నాలుగో తరం వేగంతో మాట్లాడబోతే ఆ కేబుల్ మోయలేకపోయింది. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో తెర తెరిచి, బయోస్‌లో (బోర్డు సొంత అమరికల తెర) ఆ స్లాట్‌ను మూడో తరానికి మార్చగానే బొమ్మ వచ్చింది. ఇప్పుడు నాలుగో తరం కేబుళ్లు మామూలుగానే దొరుకుతున్నాయి. అయినా మొదటిసారి అమర్చేవారికి కార్డు నేరుగా బోర్డులో గుచ్చుకునే పెట్టే మేలు. ఏదైనా తేడా వస్తే అనుమానించాల్సిన వస్తువు ఒకటి తగ్గుతుంది.

అందం గురించి చివరగా రాస్తున్నాను, కానీ అది నాకు చిన్న విషయం కాదు. పక్క పలకలు మెష్‌వి (జల్లెడలాంటి రేకు) అయితే లోపలి దీపాలు ఎలాగూ సరిగా కనబడవు, మామూలు ర్యామ్ తీసుకోండి, పొట్టిది అయితే కూలర్‌కు అడ్డు రాదు. ఫ్యాన్లన్నీ ఒకే రంగువి కొనండి. వైర్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ పవర్ సప్లై తీసుకుంటే అక్కర్లేని వైర్లు పెట్టెలోకే రావు. మిగిలిన వైర్లను ఒక సాయంత్రమంతా కూర్చుని వరసగా కట్టండి. నేను చూసిన అందమైన కంప్యూటర్లన్నిటిలో కనబడింది ఈ ఓపికే.

సంచిలోపెట్టె:

స్క్రూడ్రైవర్ గారు చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఒప్పుకుంటాను, ఒకచోట మాత్రం విభేదిస్తాను. ఐటీఎక్స్‌కు పెట్టే డబ్బు వృథా అన్నట్టుగా చదివేవారికి అనిపించకూడదు. నేను వారానికి రెండు రోజులు అన్నయ్య ఇంట్లో ఉంటాను, కంప్యూటర్ నాతోనే వస్తుంది. నాది కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 కేబినెట్. 18.25 లీటర్లు, 155 మి.మీ. ఎత్తు కూలర్, 330 మి.మీ. పొడవు కార్డు పడతాయి. భుజాన వేసుకునే సంచిలో పడుతుంది. ఐటీఎక్స్ బోర్డుకూ ఎస్‌ఎఫ్‌ఎక్స్‌కూ పెట్టిన ప్రతి పైసాకూ ప్రతి శుక్రవారం విలువ తెలుస్తూనే ఉంటుంది. కదిలించే పెట్టెకు బరువూ లీటర్లూ ముఖ్యం. కిటికీబల్ల గారిది గోడ పక్కన స్థిరంగా ఉండేది కాబట్టి వారికి మాత్రం మైక్రో ఏటీఎక్సే సరి.

మిగిలే డబ్బును మొత్తం వెనక్కి తీసుకోకండి. కొంత కార్డు మీద పెట్టండి. 8 జీబీ మెమరీ ఉన్న కార్డు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. కొత్తగా వస్తున్న పెద్ద ఆటల్లో టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అన్నిటికన్నా పై స్థాయిలో పెడితే 1080పీలోనే ఆ 8 జీబీ నిండిపోతోంది. నిండాక మిగిలింది మామూలు ర్యామ్‌లోకి వెళ్లి, కావలసినప్పుడల్లా పీసీఐఈ దారిలో రావాలి. ఆర్‌టీఎక్స్ 4060 కి ఆ దారిలో ఎనిమిది లేన్లే (వరసలే) ఉన్నాయి. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనబడుతుంది, కానీ మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరు విసిగిపోయింది సరిగ్గా దానితోనే.

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లో 16 జీబీ రకం చూడండి. 8 జీబీ రకం కూడా అదే పేరుతో ఉంది, కొనేటప్పుడు డబ్బా మీద అంకె చదవాలి. 16 జీబీది 160 వాట్లు లాగుతుంది. స్క్రూడ్రైవర్ గారి లెక్కకు 45 కలిపితే 298, ఆ 550 వాట్ల యూనిట్టే చాలు.

నిశ్శబ్దం:

అందరూ వాట్లూ లీటర్లూ చెప్పారు. నేను గాలి గురించి, నూగు గురించి రాస్తాను. కుట్టుమిషను పక్కన పెట్టే కంప్యూటర్‌కు అదే ఆయుష్షు.

పెట్టెలోకి వచ్చే గాలి బయటికి పోయేదానికన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. అప్పుడు లోపలి ఒత్తిడి వల్ల సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, నూగు ఆ సందుల్లోంచి లోపలికి రాదు, ఫిల్టరు ఉన్న దారినే రావాలి. కింద రెండు ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒకటి బయటికి పెట్టండి. కింది ఫ్యాన్లు నేరుగా కార్డుకు చల్లగాలి అందిస్తాయి, చిన్న పెట్టెలో అంతకన్నా మేలైన చోటు లేదు. ఇలాంటి కేబినెట్లతో చాలాసార్లు ఫ్యాన్లు రావు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కింద ఉన్న ఫిల్టరును రెండు వారాలకోసారి దులపండి. మీ ఇంట్లో అది త్వరగా నిండుతుంది.

పెట్టెకూ మానిటర్‌కూ మధ్య కాకుండా, మిగిలిన ఐదున్నర సెంటీమీటర్లూ గోడ వైపే వదలండి. మెష్ పలక గోడకు ఆనితే ఆ వైపు ఊపిరి ఆడదు.

7600 తో వచ్చే కూలర్ పని చేస్తుంది, చెడ్డది కాదు. కానీ అర మీటరు దూరంలో చెవి ఉంటుంది కదా. చిన్న ఫ్యాన్ అదే గాలిని తోయడానికి ఎక్కువ వేగంగా తిరగాలి, ఆ కీచు అమ్మగారికీ వినిపిస్తుంది. ఏ3 లో 165 మి.మీ. ఎత్తు వరకు కూలర్ పడుతుంది. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఒంటి టవర్ కూలర్ ఒకటి పెట్టండి. జాబితాలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ హాయినిచ్చేది అదే. తర్వాత బయోస్‌లో ఫ్యాన్ల వేగాన్ని 60 డిగ్రీల వరకు సమంగా ఉంచి, ఆ పైన మాత్రమే మెల్లగా పెరిగేలా గీయండి. వేగం ఎక్కువగా ఉండటం కన్నా అది మాటిమాటికీ మారడమే చెవికి ఎక్కువ తెలుస్తుంది.

పవర్ సప్లై నాణ్యత గురించి స్క్రూడ్రైవర్ గారు ఒక్క వాక్యంలో చెప్పారు, నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను. నా పాత కంప్యూటర్‌లో పేరు తెలియని, చేతికి తేలిగ్గా తగిలే యూనిట్ ఒకటి పెట్టాను. పది నెలలకు ఒక సాయంత్రం కాలిన వాసన వచ్చింది. అది పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. తమ్ముడి పరీక్షల పనంతా ఉన్న డిస్కు ఎలాగో బతికింది. ఆ రోజు నుంచి నేను ముందు పవర్ సప్లై రాసుకుని, మిగతా జాబితా తర్వాత రాస్తాను.

కిటికీబల్ల:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బోర్డు పెద్దదైతే వెడల్పు పెరగదన్న మాట చదివాక కాసేపు మానిటర్ పక్కన ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. ఇన్ని వీడియోల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

ఒక అట్టపెట్టెను కోసి 44, 19, 31 సెంటీమీటర్ల కొలతతో అతికించి, రెండు రోజులు అక్కడే పెట్టాను. మొదటి రోజు అమ్మ ఏమీ అనలేదు. రెండో రోజు పెద్ద బట్ట కుడుతుంటే కొంగు అటు జారి ఆ అట్టపెట్టె ముందు మూలకు తగిలింది. దాన్ని పది సెంటీమీటర్లు వెనక్కి జరపమంది. 60 లో 44 పోతే 16 ఉన్నాయి, ముందు 8, వెనుక 8 వదిలాను. పది కాకపోయినా ఎనిమిదితో అమ్మకు సరిపోయింది. ఇప్పుడు వెనుక వైర్లకు మీరు చెప్పిన 8 సరిగ్గా మిగిలింది.

కొత్త జాబితా: రైజెన్ 5 7600, మైక్రో ఏటీఎక్స్ బీ650 బోర్డు, ఒంటి టవర్ కూలర్, 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండు ఫ్యాన్లది, దీపాలు లేని 32 జీబీ డీడీఆర్5 6000, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 140 మి.మీ. పొడవున్న 550 వాట్ల మాడ్యులర్ పవర్ సప్లై, ఫ్యాన్లు మూడు, ఏ3 కేబినెట్. కార్డు పెద్దదైనా మొత్తం నా డబ్బులో సరిపోయింది, కొద్దిగా మిగిలింది కూడా. ముందు పలక చెక్కతో ఉన్న రకం చూపిస్తే అమ్మ తన మిషను బల్ల రంగుకు దగ్గరగా ఉందంది. అదే తీసుకుంటాను.

ఇక ఒక్క భయమే మిగిలింది. స్క్రూడ్రైవర్ గారికి ఆ రాత్రి తెర నల్లగా ఉన్నట్టే నాకూ అయితే ముందు ఏం చూడాలి?

స్క్రూడ్రైవర్:

ముందు ఏమీ చూడకండి, ఆగండి. డీడీఆర్5 ఉన్న ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ సర్దుకుంటుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, కొన్ని నిమిషాలు పట్టవచ్చు. పాడైందనుకుని మధ్యలో ఆపితే అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. బటన్ నొక్కి, పదిహేను నిమిషాలు దాని జోలికి వెళ్లకండి.

అప్పటికీ బొమ్మ రాకపోతే మూడు చోట్ల చూడండి. ప్రాసెసర్ పక్కన పైమూలలో గుచ్చే ఎనిమిది పిన్నుల వైరు చాలామంది మరచిపోతారు. ర్యామ్ రెండు ముక్కలైతే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో ఉండాలి, రెండు చివర్లూ టక్కుమనేదాకా నొక్కాలి. మానిటర్ వైరు బోర్డుకు కాకుండా కింద కార్డుకు గుచ్చి ఉండాలి. 7600 లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు మీద అనుమానం వస్తే దాన్ని తీసేసి, వైరు బోర్డుకు గుచ్చి చూడొచ్చు. నాకు ఆ రోజు దారి చూపింది అదే.

బొమ్మ వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే అమరిక) ఆన్ చేయండి. లేకపోతే మీరు 6000 కు డబ్బు కట్టిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. అది ఆన్ చేశాక మళ్లీ ఒకసారి తెర కాసేపు నల్లగా ఉంటుంది. అప్పుడు కూడా ఆగండి.